అన్నీ మహమ్మారులేనా?

మామిడి పూతను తేనెమంచు పురుగు మాడ్చేస్తే ‘మహమ్మారి పట్టింది’ అన్నా నూజివీడులో ఎవరూ తప్పు పట్టరు. ఇంట్లో మనిషి పడకేసినప్పుడు మాత్రం ఆ మాట ఆచితూచి వాడాలి.

సంస్కృత ‘మహామారి’ మన నోట మహమ్మారి అయింది. మశూచి, కలరా ఊళ్లను ఊడ్చేసిన నాటి భయం అందులో ఇంకా ఉంది. వైద్యులకు మాత్రం అది దేశాల ఎల్లలు దాటి పాకిన అంటువ్యాధి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను అలా పిలిచింది. వ్యాధి ఎంత దూరం పాకిందో చెప్పే మాట అది. ఎంత ప్రాణాంతకమో దాన్నిబట్టి తెలియదు. మన ఊళ్లో డెంగీ కేసులు పెరిగితే వ్యాధి ప్రబలిందంటే చాలు.

ఒక్కోసారి అసలు అంటువ్యాధే కాకపోవచ్చు. ఇప్పుడు మన జిల్లా కేంద్రమైన ఏలూరులో 2020 డిసెంబరులో 500 మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం లాంటి లక్షణాలతో ఆసుపత్రికి చేరారు. ఒకరు చనిపోయారు. కరోనా కాలం కదా, ముందు అనుమానం అటే పోతుంది. కానీ అది ఒకరి నుంచి ఒకరికి సోకలేదు. ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఇలాంటి వాటికి మాస్కు పనిచేయదు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి బాగోలేకపోతే జబ్బుకు పేరు పెట్టే పని డాక్టరుకు వదిలేయండి. ఏం తిన్నారో, ఏ నీళ్లు తాగారో, పక్కింట్లోనూ ఎవరికైనా అలాగే ఉందో ఆయనకు చెప్పండి.