రోగముల లెక్కయు, రోగి బరువును

గత కార్తికమున క్షీరాబ్ది ద్వాదశినాడు తెల్లవారుజామున మా యత్తగారు తులసికోట యొద్ద దీపము వెలిగింపబోయి, అగ్గిపుల్ల గీయలేక కూలబడిరి. నేను పరుగున పోయి చూతును గదా, చేతులు వణకుచున్నవి. అంత చలిలోను నుదుట చెమట ధారగా కారుచున్నది. నన్ను మా యాడుబిడ్డ పేరుతో పిలుచుచున్నారు. పొరుగింటి నుండి చక్కెర చూచు మీటరు తెప్పించి వేలు గుచ్చి చూడగా 48 అని చూపినది. మ్రింగగల తెలివి యున్నది గనుక పంచదార నీళ్లు త్రాగించితిని. పావుగంటకు తేరుకొని వారు నాతో నన్న మొదటి మాట, "పారణకు ముందే నా నోట నేమి పోసితివే, అమ్మాయీ?" అని.

కారణము తరువాత తెలిసినది. ఏకాదశినాడు మంచినీళ్లు తప్ప మరేమియు ముట్టలేదు గాని, "మందు భోజనము కాదు గదా" యని రాత్రి మాత్ర మాత్రము తప్పక వేసికొనిరి. చక్కెరను దింపు నా మాత్ర కడుపులో అన్నమున్నను లేకున్నను తన పని తాను చేయును. వారికి 72 ఏండ్లు. మధుమేహమున కొకరు, రక్తపుపోటున కొకరు, మోకాళ్ల నొప్పులకు వేరొకరు, ముగ్గురు వైద్యులు ముగ్గురి చీటీలు. ఆరేండ్లుగా ఆ ముగ్గురిలో నొకరును "అమ్మా, ఉపవాసములుందువా?" యని యడుగలేదు. వారిని తప్పుపట్టుట దేనికి? నేనును చెప్పలేదు. నెలకు రెండు ఏకాదశులు వచ్చుట వంటి సంగతి వైద్యునకు చెప్పదగినదని నాకు తోచనే లేదు.

మా వారు బడిలో లెక్కలు చెప్పుదురు. ఈ సంగతి విని, "వస్తువును తూచుటకు రాయి యున్నట్లు, ఏ రోగి యెంత చిక్కుగలవాడో తూచుటకు వైద్యులకు నొక కొలత యుండదా?" అనిరి. ఉన్నదట. ఒకటి కాదు, పెక్కు గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1987లో న్యూయార్కు నగరమున మేరీ చార్ల్‌సన్ అను వైద్యురాలును ఆమె సహచరులును కల్పించినది. అందు 19 వ్యాధులకు మార్కులు గలవు. పూర్వము గుండెపోటు వచ్చినచో 1. మూత్రపిండములు బాగుగ చెడినచో 2. కాలేయము మిక్కిలి చెడినచో 3. పుట్టినచోటు విడిచి దేహమంతట ప్రాకిన పుట్టకురుపునకు 6. ఆ మొత్తమునుబట్టి రోగి యొక యేడాదిలో గతించు ప్రమాద మెంతయో యంచనా వేయుదురు.

నేను మా యత్తగారి లెక్క కట్టితిని. ఉపద్రవములు లేని మధుమేహమునకు 1. రక్తపుపోటునకు ఆ పట్టికలో చోటే లేదు, సున్న. అరిగిన మోకాళ్లకు సున్న. మామగారు పోయిన నాటి నుండి రాత్రులు నిద్రలేకుండుటకు సున్న. ఏకాదశికి సున్న. వెరసి ఒకటి! ఇంటిల్లిపాది నడుము విరుగుచున్న భారమునకు ఒకే మార్కు. నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు. అయినను బంగారము తూచు త్రాసులో వడ్లు పోసి, త్రాసును తిట్టరాదు. అది చావును గూర్చిన లెక్క. మనకు కావలసినది బ్రదుకును గూర్చిన లెక్క.

బ్రదుకు లెక్క యెట్లుండునో తెలుపు నొక వ్యాసము 2005లో అమెరికాలో వెలువడినది. సింథియా బాయిడ్ అను వైద్యురాలును ఆమె తోడివారును 79 ఏండ్ల వృద్ధురాలి నొకతెను ఊహించుకొనిరి. ఆమెకు మధుమేహము, రక్తపుపోటు, కీళ్లనొప్పులు, ఎముకలు గుల్లబారుట, ఊపిరితిత్తుల జబ్బు, ఈ యైదును గలవు. ఒక్కొక్క వ్యాధికి ఏర్పడిన నియమములన్నియు తప్పక పాటించినచో ఆమె 12 మందులు, దినమునకు 19 మోతాదులు, అయిదు వేళల యందు పుచ్చుకొనవలసివచ్చినది! ఏ నియమమునకు ఆ నియమము సరియైనదే. అన్నియు ఒక్క దేహముపై పడినప్పుడే చిక్కు. ఆ అయిదు వేళలను గుర్తుంచుకొని మాత్రలందించు చేయి యెవరిదో ఆ నియమములలో ఎక్కడను లేదు. ఏ యింటి ఆడువారి నడిగినను చెప్పుదురు.

స్కాట్లండు దేశమున 2012లో ప్రకటించిన పరిశోధన యింకను పెద్దది. 314 వైద్యశాలల యందలి సుమారు పదిహేడున్నర లక్షల మంది వివరములు చూచిరి. వారిలో రమారమి నలుగురి కొకరు రెండో, అంతకు మించియో దీర్ఘవ్యాధులు గలవారు. పేదల పేటలలో ఈ దుర్దశ సంపన్నుల పేటలలో కంటె పది పదునైదేండ్లు ముందుగా వచ్చుచున్నదట. మనోవ్యాధి యచట దానికి తోడగుచున్నదట. కావున తలనెరసిన వారికే చిక్కులని యనుకొనుట పొరపాటు. బోస్టను నగరమునను 40 మంది వైద్యులు తమ తమ రోగుల పట్టీలు చూచి, చిక్కుగలవారెవరో గుర్తింపగా, నాలుగింట నొకవంతుకు మించి తేలిరి. వారిని ఎన్నుకొన్నది రోగముల లెక్క చూచి మాత్రమే కాదు. మనసు స్థితిని, నడవడిని, ఇంటి పరిస్థితిని గూడ చూచి. ఎరిగిన వైద్యుని గురుతునకును యంత్రముల లెక్కకును అంతటను పొత్తు కుదరలేదు.

ఇది మనవారికి క్రొత్త సంగతి కాదని చెప్పక తప్పదు. మా నాన్నగారి వద్ద చిన్నప్పుడు నేను విన్న చరకసంహితలో, రోగిని పరీక్షించుటకు పది యంశములు గలవు: ప్రకృతి, వికృతి మొదలుకొని, అలవాటుపడిన ఆహారము, మనోబలము, జీర్ణశక్తి, వయస్సు వరకు. అంతియకాదు, చికిత్సకు నాలుగు పాదము లనిరి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ కాలపు కొలతలు రోగిని తూచును, మందును తూచును. పరిచారకుని పాదము నేలకు తాకినదో లేదో చూచుట మాత్రము అరుదు. అయితే ప్రాచీనులు సర్వము కనుగొనిరని నేననను. వారి పదియంశముల యందును మార్కులు లేవు; మార్కులు లేక రెండు ఊళ్ల రోగులను పోల్చి, ఎచట వైద్యుల సంఖ్య పెంచవలెనో నిర్ణయించుట యెట్లు?

మన పల్లెలకును ఒక కొలత వచ్చినది. ఆశా కార్యకర్త 30 ఏండ్లు దాటినవారి యింటికి వచ్చి పూరించు పత్రమును మీరును చూచియుందురు. వయస్సు, పొగాకు, మద్యము, నడుము చుట్టుకొలత, వ్యాయామము, కుటుంబమునందలి వ్యాధులు, వీనికి మార్కులు వేసి, నాలుగు మించినచో ముందుగా పరీక్షకు పంపుదురు. పొయ్యిలో నేమి మండించుచున్నారనియు అందడుగుదురు. 60 దాటినవారిని నిత్యకృత్యములకు పరుల సాయము కావలయునా యని కూడ నడుగుదురు. ఆ ప్రశ్న చూచి నాకు ప్రాణము లేచివచ్చినది. చాలమంది ఆడువారు దానికి "లేదు" అందురు. కోడలు పక్కన నిలిచియుండగా "కావలెను" అనుటకు సిగ్గు!

ఇప్పుడు మేము పేటలోని చిన్న వైద్యశాలకు పోవుచున్నాము. మొదటి దినమున మూడు చీటీలును, మాత్రల డబ్బాలన్నియు ఒక సంచిలో పోసి, అచటి వైద్యురాలి బల్లపై కుమ్మరించితిని. ఆమె ఒక్కొక్కటి చదివి, ఒకే మందు రెండు పేర్లతో రెండు డబ్బాలలో నుండుట చూపి, ఒకదానిని తీసివేసెను. పిమ్మట మా యత్తగారిని "ఏమి తిందువు? ఎప్పుడు తినవు?" అని యడిగెను. ఈ రెండవ ప్రశ్నకు మా యత్తగారు వ్రేళ్లు ముడుచుచు ఏకాదశులు, కార్తిక సోమవారములు, మామగారి తిథి చెప్పుచు పోయిరి. వైద్యురాలు విసుగుకొనలేదు. ఉపవాసదినములలో ఏ మాత్ర మానవలెనో, ఏది మానరాదో వేరుగ వ్రాసియిచ్చి, "ఇది మీకు మాత్రమే, పొరుగువారికి చెప్పకుడు" అని హెచ్చరించెను.

ఆ చీటీ మా వంటింటి అలమర తలుపునకు అంటించియున్నది. మధుమేహము, రక్తపుపోటు అను మాటలు క్రింద నున్నవి. వానికి పైన, ఎర్ర సిరాతో, "ఏకాదశి" అని యున్నది.