ఆగిన పందెము

తోట్లవల్లూరు కరకట్ట దిగునపుడు బండివాడు పగ్గములు బిగించి ఎడ్లను నిలవరించును. ఆ నిలవరించిన బలము వ్యర్థమే. విద్యుత్ పందెపు కారులో ఆ బలమే తిరిగి బ్యాటరీకి చేరును. 2023లో ఫార్ములా-ఇ నియమములు మారి, వెనుక చక్రములకు మామూలు బ్రేకులు తొలగి, మోటారే వేగము నణచు క్రొత్త కారు వచ్చెను.

ఆ ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరమున, మన దేశపు తొలి ఫార్ములా-ఇ పందెములో, మిగిలిన కొద్ది శక్తిని పొదుపుగా వాడి ఫ్రెంచి చోదకుడు వెర్న్ గెలిచెను.

డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము మారెను. 2024 జనవరిలో రెండవ పందెము రద్దయ్యెను. ప్రభుత్వము ఒప్పందము తప్పినదని నిర్వాహకు లనిరి. పాత చెల్లింపులే నియమవిరుద్ధమని క్రొత్త పాలకు లనిరి. 2024 డిసెంబరులో ఏ.సి.బి. కేసు నమోదయ్యెను.

కారు నియమములు మారినచో చోదకులకు ముందుగా తెలుపుదురు. పాలకులు మారినచో ఒప్పందము గతి యేమో ప్రజలకును ముందే తెలియవలదా? ఆగిన పందెమునకు వెచ్చించిన సొమ్ము ఏ బ్యాటరీకిని తిరిగి చేరదు.