సూర్యబింబం – దూరదర్శిని

సూర్యుని ప్రత్యక్ష దైవమని మన పూర్వులు కొలిచారు. ఖగోళశాస్త్ర దృష్టిలో సూర్యుడు ఒక నక్షత్రం. భూమికి అతి సమీపంలో ఉన్నందువల్లనే అంత పెద్దగా, అంత ప్రకాశవంతంగా కనిపిస్తున్నాడు. ఆ దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. సూర్యకాంతి మనలను చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. సూర్యుని వ్యాసం భూమి వ్యాసానికి దాదాపు 109 రెట్లు.

సూర్యగర్భంలో ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు సంలీనం చెంది హీలియంగా మారుతాయి. ఆ మార్పులో వెలువడే శక్తియే మనకు ఎండగా, వెలుగుగా అందుతున్నది. మనకు కనిపించే బింబాన్ని కాంతిమండలం అంటారు. దాని ఉష్ణోగ్రత సుమారు 5,500 డిగ్రీలు. దానిపైన పలుచని వర్ణమండలం, ఆ పైన లక్షల కిలోమీటర్ల దాకా వ్యాపించిన కరోనా ఉన్నాయి. ఈ రెండు పొరల కాంతి స్వల్పం. బింబం వెలుగులో అవి మరుగున పడిపోతాయి. అందుచేత శాస్త్రజ్ఞులు పూర్వం సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఎదురుచూసేవారు.

అటువంటి గ్రహణం 1868 ఆగస్టు 18న తెలుగు నేలమీద ఏర్పడింది. ఫ్రాన్సు దేశానికి చెందిన పియెర్ జాన్సెన్ గుంటూరులో తన పరికరాలను నెలకొల్పాడు. మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో గ్రహణాన్ని పరిశీలించాడు. వారు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. గ్రహణ సమయంలో బింబం అంచున ఎర్రని జ్వాలలవలె కనిపించే సౌరశిఖలు ఏ పదార్థంతో ఏర్పడినవి?

కేవలం దూరదర్శిని ఈ ప్రశ్నకు సమాధానం చెప్పజాలదు. అది కాంతిని సేకరించి, ప్రతిబింబాన్ని పెద్దదిగా చూపుతుంది. ఆ కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటదర్శిని దానికి తోడు కావాలి. వేడెక్కిన ప్రతి వాయువూ తనకే ప్రత్యేకమైన రంగుల గీతలను వెలువరిస్తుంది. ఆ గీతలను బట్టి ఆ వాయువును గుర్తించవచ్చు. గుంటూరులో బింబం పూర్తిగా మరుగున పడిన అయిదు నిమిషాలకు పైబడిన వ్యవధిలో జాన్సెన్ సౌరశిఖల గీతలను చూశాడు. అవి ప్రధానంగా హైడ్రోజన్ వాయువుతో కూడినవని తేలింది.

గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉండడం చూసి జాన్సెన్‌కు ఒక ఆలోచన తోచింది. గ్రహణం లేకుండా వీటిని ఎందుకు చూడకూడదు? మరునాటి ఉదయమే ప్రయత్నించి సఫలుడయ్యాడు. ఇందులోని కిటుకు సులభమైనదే. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. వర్ణపటదర్శిని దానిని పొడవుగా పరచినకొద్దీ అది పలుచబడుతుంది. సౌరశిఖ కాంతి మాత్రం కొన్ని గీతలకే పరిమితం కనుక పలుచబడదు. వెలుగు వెనుక దాగినది ఆ విధంగా బయటపడుతుంది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని స్వతంత్రంగా కనుగొని, అదే సంవత్సరం అక్టోబరులో సఫలుడయ్యాడు.

ఆ గీతలలో పసుపుపచ్చనిది ఒకటి ఉన్నది. అది సోడియం గీత కావచ్చునని మొదట భావించారు. దాని స్థానం సోడియం గీతల స్థానంతో సరిపోలదని లాకియర్ నిర్ధారించాడు. అది భూమిపై అప్పటికి ఎరుగని మూలకానిది. సూర్యునికి గ్రీకు భాషలో గల పేరును అనుసరించి దానికి హీలియం అని పేరు వచ్చింది. హీలియంను గుంటూరులోనే కనుగొన్నారని చెప్పడం పరిపాటి. నిజానికి అది ఒక్కరి ఘనత కాదు, ఒక్క రోజు ఫలితమూ కాదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుండి హీలియంను వేరుచేసిన తరువాతనే సందేహాలు తొలగిపోయాయి.

హైదరాబాదుకు కూడా దూరదర్శినుల చరిత్ర ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో స్థాపించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారింది. అక్కడి పెద్ద దూరదర్శిని కటకం వ్యాసం 15 అంగుళాలు. నగరం పెరిగి దీపాల కాంతి ఆకాశాన్ని కమ్మినకొద్దీ వేధశాల ఊరికి దూరం కావలసి వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 1968లో రంగాపూర్ వద్ద 48 అంగుళాల దర్పణంగల దూరదర్శిని వెలసింది. కాంతిని సేకరించే శక్తి వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక ఇది 15 అంగుళాల దానికంటె పది రెట్లు అధికంగా కాంతిని గ్రహిస్తుంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని రంగాపూర్‌లో పరిశీలించారు.

బేగంపేటకు పట్టిన గతియే నేడు కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు పట్టింది. బహుళ అంతస్తుల భవనాల వెలుగులో అక్కడ రాత్రివేళ మసక నక్షత్రాలు కానరావు. కొండాపూర్ విద్యార్థి నుండి నగర దీపాలు దాచలేని నక్షత్రం సూర్యుడు. అయితే సూర్యుని నేరుగా చూడరాదు. తగిన వడపోత లేని దూరదర్శినితో చూస్తే క్షణంలో కంటిచూపు పోవచ్చు. అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి, దాని గుండా సూర్యబింబాన్ని తెల్లకాగితంపై పడనిచ్చి, ఆ కాగితాన్ని చూడడం క్షేమకరం.

గ్రహణాల కోసం నిరీక్షించే అవసరాన్ని జాన్సెన్ సౌరశిఖల విషయంలో తొలగించాడు. కరోనాను ఎడతెగక పరిశీలించడానికి 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని స్థానాన్ని అది 2024 జనవరి 6న చేరుకున్నది. అందులోని ఒక పరికరం సూర్యబింబాన్ని అడ్డి కృత్రిమ గ్రహణాన్ని కల్పిస్తుంది. ఇది కేవలం కుతూహలం తీర్చుకోవడం కాదు. 1989 మార్చిలో సౌర తుఫాను వల్ల కెనడాలోని క్విబెక్ రాష్ట్రం గంటల తరబడి చీకటిలో మునిగింది. ఉపగ్రహాలు, విద్యుత్తు ఆధారంగా నడిచే నేటి నగరాలకు సూర్యుని పోకడను ముందుగా గ్రహించడం ఆత్మరక్షణ వంటిది.

కఠిన పదాలు – అర్థాలు
వేధశాల = గ్రహ నక్షత్రాలను పరిశీలించే స్థలం
సంలీనం = కలిసి ఒకటి కావడం
కటకం = గాజుబిళ్ళ, లెన్సు
దర్పణం = అద్దం

ప్రశ్నలు
1. గ్రహణం లేకుండా సౌరశిఖలను చూడడం ఎట్లు సాధ్యమయింది?
2. నగర దీపాల వల్ల వేధశాలలకు కలిగిన ఇబ్బందిని వివరించండి.