ఇంట్లో సముద్రం.. అందులో పుట్టగొడుగు పగడం!

పగడం అనగానే మన చెయ్యి ముందు మెడలోకి పోతుంది. పుస్తెల పక్కన ఎర్రగా మెరిసే ఆ పూస ఒకప్పుడు సముద్రంలో బతికిన చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడు. ఆ జీవులకు చుట్టమయ్యేదొకటి కరీంనగర్‌లో, మా హాల్లో, టీవీ పక్కన గాజు తొట్టెలో బతుకుతుందని నేను కలలో కూడా అనుకోలేదు!

మా పెద్దోడు హైదరాబాద్‌లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండానే వేరే రాష్ట్రానికి బదిలీ. తొట్టె మా ఇంటికొచ్చింది. "అమ్మా, కొన్నాళ్లు చూస్కో" అని చెప్పి వెళ్లిపోయాడు. తెచ్చేది వాళ్లు, చూసేది మనం! కుక్కపిల్లయినా అంతే, పూలకుండీ అయినా అంతే కదూ?

మా అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని తొట్టెలోకి చూసి, "ఇది పువ్వా, కుక్కగొడుగా బిడ్డా? నీళ్లల్ల మొలిసిందేంది?" అని అడిగింది. పువ్వూ కాదు, కుక్కగొడుగూ కాదు. అదొక జంతువు. దుకాణాల్లో 'మష్రూమ్ కోరల్' అంటారు. రాతికి అంటుకునే చిన్న కాడ, పైన గుండ్రటి పళ్లెం, పళ్లెం మధ్యలో నోరు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుతురుతో వండిన తిండే దీనికి ముఖ్యాహారం.

కొనే ముందే ఒక మాట

ఒకే పేరుతో రెండు రకాలున్నాయి. మెత్తగా, ఎముకలాంటిదేమీ లేకుండా ఉండేది ఒకటి. డిస్కోసోమా, రోడాక్టిస్, రికార్డియా ఈ కోవలోవి. రెండోది ఫంగియా. దానికి లోపల గట్టి రాతి పళ్లెం ఉంటుంది. ఈ రాతి పగడాలన్నింటినీ 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ అన్నమాట! మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో కోసుకొచ్చిన రాతి పగడాన్ని అందంగా ఉందని ఇంట్లో పెట్టుకుంటే నేరమవుతుంది. మెత్తటి రకమైనా అది అంటుకున్న రాయి పగడపు రాయే కావచ్చు. అందుకే తొట్టెలో పెంచి, కోసి, మామూలు రాతి బిళ్ల మీద అతికించిన పిలకలే అడగండి. బిల్లు తప్పకుండా తీసుకోండి.

కావలసినవి

గాజు తొట్టె – 100 లీటర్లది (మరీ చిన్నదైతే నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, త్వరగా పాడవుతాయి)
సముద్రపు ఉప్పు మిశ్రమం – లీటరుకు సుమారు 35 గ్రాములు (వంటింటి ఉప్పు పనికిరాదు)
ఆర్‌ఓ నీళ్లు – సరిపడా
నీళ్లను కదిపే చిన్న మోటారు, లైటు, థర్మామీటరు, ఉప్పు కొలిచే సాధనం
ఓపిక – ఎంతుంటే అంత!

మన బోరు నీళ్లలో ఫ్లోరైడు, సున్నం ఎక్కువ. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అందుకే ఆర్‌ఓ నీళ్లు కావాలి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లను పారబొయ్యకండి, బండలు తుడవడానికి పనికొస్తాయి. ఉప్పును తొట్టెలో కాకుండా బకెట్‌లో ముందురోజే కలుపుకోవాలి. తొట్టె నింపిన వెంటనే పగడం పెట్టకూడదు. మలినాలను విరిచే మంచి బాక్టీరియా రాళ్ల మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకోక ముందే గిన్నె కదిపితే పెరుగవుతుందా మరి? ఇదీ అంతే.

ఎక్కడ పెట్టాలి?

నేను చేసిన మొదటి పొరపాటు ఇక్కడే. బాగా కనబడాలని లైటు కింద, అన్నిటికన్నా ఎత్తయిన రాయి మీద పెట్టాను. రెండు రోజుల్లో అప్పడంలా ముడుచుకుపోయింది. ఇది నీడపట్టు జీవి. తొట్టె అడుగున, లైటు నేరుగా పడని పక్కకు, నీటి వడి తక్కువున్న చోట పెట్టాలి.

తనకేం కావాలో అదే చెబుతుంది. కాడ సాగి బూరలా పైకి లేస్తే వెలుతురు చాలలేదని. కుంచించుకుపోయి, రంగు వెలిసిపోతుంటే వెలుతురు ఎక్కువైందని. ఒక పక్కకు మడత పడితే నీళ్లు గట్టిగా తగులుతున్నాయని. నోట్లోంచి దారాల్లాంటివి బయటికొస్తే ఏదో బాధ పడుతోందని. చోటు మార్చినా రోజూ కదపకండి. వారం పది రోజులు వదిలేసి చూడండి.

రాయి నుంచి ఊడిపోయిన పిలక వస్తే జిగురుతో అతికించాలని చూడకండి. దాని జిగటకు జిగురు నిలవదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రాతి ముక్కలు పరిచి, వాటి మీద పిలకను వేసి, పైన దోమతెర గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వెయ్యండి. ఒకటి రెండు వారాల్లో తనే ఒక రాయిని పట్టుకుంటుంది.

మన ఎండలతోనే పేచీ

దీనికి 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. 30 దాటితే ఒంట్లోని నాచును బయటికి వదిలేసి తెల్లబడిపోతుంది. సముద్రాల్లో పగడపు దిబ్బలకూ ఇదే కష్టం వచ్చింది. ప్రపంచమంతటా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు నాలుగోసారి ప్రకటించారు. రామగుండం, మంచిర్యాల ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మే నెలలో అది చాలదు. ఏసీ గదో, నీళ్లు చల్లబరిచే మిషనో ఉండాల్సిందే. ఆదిలాబాద్ వాళ్లకు చలికాలంలో హీటరు కూడా కావాలి. కరెంటు పోతే గాలి అందించడానికి బ్యాటరీ పంపు దగ్గర పెట్టుకోండి.

నా రెండో పొరపాటు ఆ మే నెలలోనే. నీళ్లు రోజురోజుకీ తగ్గుతుంటే ఉప్పునీళ్లే కలిపి పోశాను. వారంలో పళ్లేలన్నీ చొక్కా గుండీలంత అయిపోయాయి! పొయ్యి మీద చారు మరిగితే ఏమవుతుంది? నీళ్లు ఇగిరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. చారు ఉప్పగా అయితే మళ్లీ ఉప్పునీళ్లు పోస్తామా? వంటింట్లో రోజూ చేసే పనే, తొట్టె దగ్గర తట్టలేదు. ఇగిరిన మేరకు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పొయ్యాలి. ఒకటి రెండు వారాలకోసారి పదో వంతు నీళ్లు తీసేసి, అప్పుడు మాత్రం కొత్త ఉప్పునీళ్లు పొయ్యాలి.

ఇది మాత్రం మరచిపోవద్దు

రాయికి నాచు పట్టింది కదా అని వేడినీళ్లలో వేసి మరిగించకండి! పుట్టగొడుగు పగడాల పక్కన 'బటన్ పాలిప్' అనే చిన్న పువ్వుల్లాంటివి పెరుగుతుంటాయి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషముంటుంది. ఆ రాయిని మరిగిస్తే ఆవిరితో ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారు. విదేశాల్లో అలా జరిగింది కూడా. తొట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి. తొట్టెకు వాడిన గిన్నె, కత్తి, బకెట్ వంటింట్లోకి రానివ్వకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఒకటి పదవుతుంది

ఇది జరిగేటప్పుడు వెనక కాడ ముక్క వదిలి పోతుంది. ఆ ముక్కే మరో పగడమవుతుంది. పదునైన బ్లేడుతో నోటి మీదుగా రెండుగా కోసినా, రెండు మూడు వారాల్లో రెండూ పూర్తిగా మానుతాయి. అయితే మెత్తగా ఉందని చులకన చెయ్యకండి. పక్కనున్న పగడాలను చురుక్కుమనిపించి చోటు ఆక్రమిస్తుంది. పసిఫిక్ సముద్రంలోని పామిరా దీవి దగ్గర 1991లో ఒక చేపల ఓడ మునిగింది. ఆ తుప్పు చుట్టూ రోడాక్టిస్ పుట్టగొడుగులు పెరిగి పెరిగి పగడపు దిబ్బను కప్పేశాయి. చివరికి ఆ ఓడ శిథిలాలను అక్కణ్నుంచి తీసెయ్యాల్సి వచ్చింది! అందుకే మన తొట్టెలో దీన్ని ఇసుక మీద ఒంటరి రాయికే పరిమితం చెయ్యండి. చుట్టూ జానెడు ఖాళీ వదలండి.

మా ఇంటికి మూడొచ్చాయి. మొదటి ఎండాకాలం ఒకటి నా చేతుల్లోనే పోయింది. ఆ వేళ నాకు అన్నం సయించలేదు. మిగిలిన రెండూ ఇప్పుడు పదకొండు. పెద్దోడు పండక్కి వచ్చి తొట్టె తీసుకెళ్తానన్నాడు. మా అత్తమ్మ, "ఆ రాయి ఒక్కటి ఇయ్యం. మిగిలినయి కొంచవో" అంది!

సముద్రానికి మూడొందల కిలోమీటర్ల పైన దూరంలో ఉన్నవాళ్లం. చల్లటి గది, రోజూ పది నిమిషాలు, ఊరికి పోతే చూసే మనిషి – ఈ మూడూ ఉంటేనే మొదలుపెట్టండి. లేకుంటే మంచినీటి చేపలతో సరిపెట్టుకోండి. ప్రాణమున్నదాన్ని తెచ్చి, చూస్తూ చూస్తూ పోగొట్టుకోవడం కన్నా అదే మేలు.