రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారి గృహము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిలు 16వ తేదిని జనించిన రాజమహేంద్రవరపు గృహము నేఁడు రాష్ట్ర పురావస్తుశాఖవారి రక్షణమున స్మారక ప్రదర్శనశాలగా నున్నది. కవుల యిండ్లను గాపాడుట మనదేశమున నరుదు. ఈ యిల్లు రక్షణార్హమగుటకుఁ బంతులుగారి గ్రంథకర్తృత్వ మొకటియే కారణము కాదు. ఇచ్చట జరిగిన యొక వివాహము అంతకంటె ముఖ్యకారణము.

1856వ సంవత్సరపు పదునైదవ శాసనము వితంతువుల పునర్వివాహమును న్యాయసమ్మతము చేసెను. అయినను శాసనము పురోహితునిఁ దెచ్చి పీటపైఁ గూర్చుండఁబెట్టదు, వంట చేయదు, పెండ్లిపందిరి వేయుట కొక యింటి వాకిలి తెఱవదు. ఇరువదియైదేండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదిని, ఈ యింటి వాకిలి తెఱవఁబడెను. గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువగు గౌరమ్మగారికిని ఇచ్చట వివాహము జరిగెను. కాకినాడ వాస్తవ్యులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్య మొనర్చిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. బహిష్కారభీతిచే వంటవారును బరిచారకులును విడిచిపోఁగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్లు మోసితెచ్చి వంట చేసిరి. సంస్కరణచరిత్రములలో నామె కొకటి రెండు వాక్యములే దక్కుచున్నవి. స్త్రీల హక్కును గూర్చి పత్రికలో వ్రాయుట యొకయెత్తు, నలుగురు చూచుచుండఁగా బిందె యెత్తుకొని వీధి నడచుట యొకయెత్తు. పంతులుగారి పటముముందు నిలుచువారు ఆ బిందెనుగూడఁ దలఁచుట న్యాయము.

పంతులుగారి మతములన్నియు నందఱకు సమ్మతములు కావు. కార్వేటినగరపుఁ బండితునకు ముఖ్యముగా నొక చిక్కు తోఁపవచ్చును. ఆ సంస్థానమునకు సారంగపాణి పదములు కీర్తి తెచ్చినవి. పదవాఙ్మయమును గానాభినయములచే నిలిపినవారిలో దేవదాసీలు ముఖ్యులు. భోగముమేళములను బంతులుగారు తీవ్రముగా నిరసించిరి. ఆ నిరసనమువలనఁ గొందఱు స్త్రీలకు మేలు కలిగియుండును. కళకు నష్టమును గలిగెను. రెండవది లేదనుట సరికాదు. గృహము స్మారకమైనంతమాత్రమున గృహస్థుని ప్రతివాక్యమును శిరసావహింపఁ బనిలేదు.

1906లో హితకారిణీసమాజమును స్థాపించి పంతులుగారు తమ యాస్తిని దానికి సమర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారును, 1919 మే 27వ తేదిని చెన్నపురిలోఁ బంతులుగారును గతించిరి. విద్యార్థుల నీ యింటికిఁ దోడ్కొనిపోవు నుపాధ్యాయులు ముందుగా స్వీయచరిత్రములోని వివాహఘట్టమును వారిచేఁ జదివించుట మంచిది. గోడలు చెప్పలేని సంగతులు పెక్కులు ఆ పుటలయం దున్నవి.