తెర దిగి దీపమైన బొమ్మ

కర్టెన్ల రంగేమిటి, సోఫా కవర్లు ఎలాంటివి, హాల్లో ఆ ఖాళీ మూల ఏం పెడితే బాగుంటుంది... ఇల్లు సర్దుకునే విషయంలో మన ఆలోచనలకి అంతే ఉండదు కదా! ఈమధ్య ఆ ఖాళీ మూలల్లో తరచుగా కనిపిస్తున్న వస్తువు తోలుబొమ్మ ల్యాంప్‌షేడ్. హస్తకళల ఎగ్జిబిషన్లలో మీరూ చూసే ఉంటారు. పగలు చూస్తే తోలుమీద గీసిన బొమ్మలాగే ఉంటుంది. సాయంత్రం లోపల బల్బు వెలిగించామా, ఎరుపూ ఆకుపచ్చా రంగులు నిద్రలేస్తాయి. బొమ్మ మెడలో హారాలు, నడుముకి వడ్డాణం తళతళమంటాయి. ఆ మెరిసేవన్నీ తోలులో ఉలితో కొట్టిన చిల్లులే! వాటిలోంచి వచ్చే వెలుగే నగ.

ఈ పనితనం పుట్టింది మన డ్రాయింగ్ రూముల కోసం కాదు, నాటకం కోసం. తోలుబొమ్మలాటలో తెల్లటి తెర కట్టి, వెనకాల ఆముదం దీపాలు పెట్టి, మధ్యలో బొమ్మల్ని ఆడించేవారు. దీపపు వెలుగు తోలులోంచి దూరి రావాలి కాబట్టే దాన్ని అంత పలచగా గీకడం, రెండువైపులా రంగులద్దడం, చిల్లులు కొట్టడం. రామాయణ భారత కథలే ఎక్కువ. హార్మోనియం, మద్దెల, తాళాలు, కాళ్లకింద చెక్కలు తొక్కితే వచ్చే చప్పుళ్లు. సీత మాటలూ ద్రౌపది పాటలూ ఆ కుటుంబాల్లోని ఆడవాళ్ళే పాడేవారు. ఆడవేషం కూడా మగవాళ్లే వేసే నాటకాలున్న రోజుల్లో ఇది చిన్న సంగతేం కాదు.

ధర్మవరం అనగానే మనకి పట్టుచీర గుర్తొస్తుంది. ఆ మండలంలోనే ఉన్న నిమ్మలకుంట ఈ బొమ్మలకి పేరుపడ్డ ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలు, టీవీలు వచ్చాక రాత్రంతా కూర్చుని బొమ్మలాట చూసేవాళ్లు తగ్గిపోయారు. ఆట పిలుపులు తగ్గితే పొయ్యి వెలగాలి కదా! అదే మేకతోలు, అదే ఉలి, అవే రంగులు ల్యాంప్‌షేడ్లయ్యాయి, గోడబొమ్మలయ్యాయి.

ఒక ఎగ్జిబిషన్‌లో షేడ్ కొంటూ, అమ్ముతున్న ఆవిడతో, "ఇవి బాగా పోతున్నట్టున్నాయే" అన్నాను. "పోతాయక్కా. మాకు అన్నం పెట్టేది ఇవే. మా పాపకు ఉలి పట్టేది వస్తాది, పాటే రాదు" అంది. కాగితంలో చుట్టి ఇస్తూ మామూలుగా అన్న మాటే. నన్ను మాత్రం చాలా రోజులు వదల్లేదు.

ఇంటికి తెచ్చాక మా అత్తగారు, "తోలా? పూజగది వైపు మాత్రం పెట్టకమ్మా" అన్నారు. సరేనని హాల్లో పెట్టి స్విచ్ వేశాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చి, "ఆంజనేయస్వామి కదూ! తోక చూడు" అన్నారు. ఇక మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చిన్నప్పటి ముచ్చట్లు మొదలుపెట్టారు. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదకొచ్చి కొట్టుకుంటుంటే ఊరంతా పకపకా నవ్వేదట. "కేతిగాడొస్తే లేపమ్మా అని మా అమ్మకి చెప్పి పడుకునేవాళ్లం" అన్నారు. ఆ పేర్లు ఆవిడ నోట అంతకుముందెప్పుడూ నేను వినలేదు.

కొనదలుచుకున్నవాళ్లకి నాలుగు మాటలు. వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. అసలు తోలయితే ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది, సన్నటి నరాల గీతలూ కనబడొచ్చు. చేత్తో కొట్టిన చిల్లులు అచ్చు గుద్దినట్టు ఒక్కలా ఉండవు. లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. వేడెక్కే పాత బల్బులకి తోలు ముడుచుకుపోతుంది. తడిగుడ్డ తగలనివ్వకండి, పొడిబట్టతో దులిపితే చాలు. నీరెండ పడే కిటికీ పక్కనా, చెమ్మగోడ దగ్గరా వద్దు. రంగు వెలుస్తుంది, బూజు పడుతుంది. కొనేటప్పుడు "ఇందులో ఉన్నదెవరు, ఏ ఘట్టం?" అని తప్పక అడగండి. చెప్పడం వాళ్లకీ సంతోషమే.

మన సరదా ఆ ఉలిని నిలబెట్టింది. బాగానే ఉంది. పాటని నిలబెట్టడానికి మాత్రం షేడ్ చాలదు, ఆట కావాలి. అపార్ట్‌మెంట్‌లో వినాయకచవితి పందిరి వేస్తాం, ఆర్కెస్ట్రాకీ డీజేకీ చందాలేస్తాం. ఈసారి ఆ డబ్బుతో ఒక తోలుబొమ్మల బృందాన్ని పిలిస్తే? రాత్రంతా అక్కర్లేదు, గంటసేపు లంకాదహనం చాలు. మహిళామండలి మీటింగులో ఈ మాట ముందుగా ఎత్తేది మీరే ఎందుకు కాకూడదు? పిల్లల్ని తెరముందే కాదు, ఒకసారి తెరవెనక్కీ తీసుకెళ్లండి. పాడుతూ బొమ్మనాడించే ఆవిడ చేతుల్ని వాళ్లు చూడాలి.