ముధోల్ జాగిలాన్ని చేరదీసే ముందు



పొడుగు మూతి, సన్నని నడుము, పుల్లల్లాంటి కాళ్లు, కొడవలిలా వంగిన తోక. ఇలాంటి కుక్క మీ వూరి చివర దిక్కులేక తిరుగుతుంటే, ఏదో వూరకుక్క బక్కచిక్కిందనుకుని తరిమేయకండి. అది ముధోల్ జాగిలం కావచ్చు. ముధోల్ అంటే బాసర దగ్గరి మన ముధోల్ కాదు. కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలోని ముధోల్. ఆ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే రాజులు ఈ జాతిని పోషించారు. 2005లో తపాలా శాఖ కుక్కల మీద వేసిన నాలుగు బిళ్లల్లో దీనిదీ ఒకటి.

ఇంత పేరున్న కుక్క వీధిన పడటమేమిటంటారా? మోజు మీద కొంటారు. పిల్లగా వున్నన్నాళ్లూ ముద్దే. ఏడాది తిరిగేసరికి రెండడుగులు దాటి ఎదుగుతుంది, గోడ దూకి పక్కింటి కోళ్ల వెంట పడుతుంది. అప్పుడు గొలుసుకు కట్టేస్తారు, లేదంటే వదిలేస్తారు. తప్పు కుక్కది కాదని నా అభిప్రాయం.

ఈ జాతి ముఖ్యంగా వాసన పట్టి కాదు, కళ్లతో చూసి వేటాడుతుంది. దూరాన ఏదైనా కదిలిందా, లేచిందే పరుగు. ఆ పరుగులో ఒక్కొక్క అంగకు రెండేసి సార్లు నాలుగు కాళ్లూ నేల విడుస్తాయి. అప్పుడు మీరెంత పిలిచినా తిరిగి చూడదు. ఎదురుగా లారీ వస్తున్నదా, గట్టులేని బావి వున్నదా అని కూడా చూసుకోదు. మన పల్లెల్లో దీనికి పెద్ద ప్రాణగండం ఇదే. కాబట్టి చేరదీసిన తరువాత నెలల తరబడి, మీ మాట వింటున్నట్లే కనిపించినా, ఆరుబయట పగ్గం విప్పవద్దు. పరుగెత్తనివ్వాలి, నిజమే, కాని ఆరడుగుల కంచె వున్న దొడ్లో, మేకలనూ కోళ్లనూ మూసిన తరువాత.

మెడపట్టీ సంగతి కూడా చూడండి. దీని తల మెడకంటే సన్నం. మామూలు పట్టీ వేస్తే, వెనక్కి గుంజుకున్నదంటే తల వూడి వచ్చేస్తుంది. వెడల్పాటి పట్టీ రెండు వేళ్లు దూరేంత బిగువుగా వేసి, దానితోపాటు రొమ్ముకు కూడా పట్టీ కట్టి, పగ్గం రెంటికీ తగిలించండి.

ఇక మేత. ఎముకలు కనబడుతున్నాయని జాలిపడి మొదటి రోజే గిన్నెడు మాంసం పెట్టకండి. పస్తులున్న కడుపు తట్టుకోలేదు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు మెత్తని అన్నమో, జొన్న సంకటో, వుడికించిన గుడ్డో పెట్టి, వారం పదిరోజుల్లో పెంచుకుంటూ పోవాలి. వుడికిన ఎముకలు, వుల్లిపాయ పెట్టరాదు. కోలుకున్నాక కూడా చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తూనే వుంటాయి. అది దీని ఒడ్డూపొడుగూ, ఆకలి కాదు.

ముందుగా యజమాని ఎవరైనా వున్నారేమో నాలుగూళ్లలో విచారించండి. పశువుల ఆసుపత్రిలో చూపించి వెర్రికుక్క టీకా, నట్టల మందు, గోమార్ల మందు వేయించండి. రెండు వారాలు ఇంటి కుక్కలకు దూరంగా వుంచండి. కొత్తచోటు బెదురుతో కరిస్తే, గీరితే, ధారగా పడే నీళ్లతో సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు గాయం కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పసరు మందులతో కాలయాపన చేయరాదు. ఆ జబ్బు పైకి తేలిన తరువాత బతకడం దాదాపు లేదు.

కుందేలు వేటకు పనికొస్తుందని తెచ్చుకునేవారు కొందరుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేటి వేట నేరం. అడవిపంది మీదికి వుసిగొల్పడమూ కూడదు. దీని తోలు పలుచన, ఒక్క కోరదెబ్బకు చీలిపోతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ఇలాంటి కుక్కకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించేటప్పుడు, ఇది జాగిలం జాతి అని డాక్టరుగారికి ముందే చెప్పించండి. ఒంట్లో కొవ్వు తక్కువ కావడంచేత కొన్ని మత్తుమందుల నుంచి ఇవి తొందరగా తేరుకోవు.